గాలి బాగున్న సాయంత్రాలు

ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మా వైపు కరోనా నేర్పిన విద్య కాదు. పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఎస్టేటుకు ఇవతల కాలనీల్లో ఉండేవాళ్లకు అది ఎప్పటినుంచో ఉన్న అలవాటే. సాయంత్రం గాలి ఫ్యాక్టరీల వైపు నుంచి తిరిగితే ఒక వాసన వస్తుంది. కుళ్లిన కోడిగుడ్డూ గోళ్ల రంగూ కలిపి మరగబెట్టినట్టు ఉంటుంది. వాకిళ్లలో కూర్చున్నవాళ్లు కొంగో తువ్వాలో చేతికి దొరికింది ముక్కుకు అడ్డం పెట్టుకుని మాట్లాడుకుంటారు. వాసన వచ్చిందని మాటలాపి లోపలికి వెళ్లినవాళ్లను నేను చూడలేదు. తగ్గగానే గుడ్డ తీసేస్తారు. నా పుట్టిల్లు కృష్ణా జిల్లా. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం గ్యాస్ లీకయిందనుకుని వంటింట్లోకి పరిగెత్తి సిలిండర్ కట్టేశాను. ఇంట్లో వాళ్లందరూ పడీ పడీ నవ్వారు. ఆ తర్వాత నాకూ అలవాటైపోయింది, ఎంతగానంటే వాసన మరీ ఎక్కువైతే తప్ప ఉందో లేదో పట్టించుకునేదాన్ని కాదు.

నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. కరోనా వచ్చి పెళ్లిళ్లు ఆగిపోయి, జాకెట్లు కుట్టించుకునేవాళ్లు లేక మిషన్ మూలన పడితే మాస్కులు కుట్టడం మొదలుపెట్టాను. అన్నేళ్లూ మా వీధి ఆడవాళ్ల జబ్బల కొలతలు మాత్రమే తెలిసిన నాకు, ఆ వేసవిలో ఎవరి ముక్కు ఎంత పొడుగో, ఎవరి చెవులు ఎంత మెత్తనో కూడా తెలిసింది. మాస్కు కుట్టి ఇవ్వడం వరకే నా పని. దాన్ని ఎవరు ఎక్కడ పెట్టుకుంటారన్నది వాళ్ల ఇష్టం. కొందరు గడ్డానికి పెట్టుకున్నారు. కొందరు మోచేతికి తగిలించుకుని తిరిగారు. చీరకు జోడీ కావాలని అడిగి మరీ కుట్టించుకున్న ఒకావిడ అది మాసిపోతుందని బీరువాలో దాచుకుంది.

మా ఇంట్లోనే ఎవరి పద్ధతి వాళ్లది. మా ఆయన మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు ఇన్‌చార్జి. లోపల పొడి పీల్చకుండా వాళ్లకు మొహమంతా బిగించే మాస్కు ఎప్పటినుంచో ఉంది, షిఫ్టు మొత్తం తీయడానికి వీల్లేదు. గేటు దాటాక దాన్ని తీసి, నిలబడి గట్టిగా ఊపిరి పీల్చుకోవడం వాళ్లందరికీ అలవాటు. వాళ్లకు మాస్కంటే డ్యూటీ, తీయడమంటే ఇంటికి రావడం. అలాంటి మనిషికి బయట కూడా పెట్టుకోమని చెప్పడం నా వల్ల కాలేదు. చెప్పి చూశాను, గొడవైంది. షిఫ్టంతా దాని వెనకే ఉన్నాననీ, ఇంకెక్కడ ఊపిరి తీసుకోమంటావనీ అడిగాడు.  అప్పటికే నేనూ చాలా అన్నాను. చివరికి ఇంటికి రాగానే స్నానం, ఆ తర్వాతే మాటలు అన్న ఒప్పందానికి వచ్చాం. మా ఆడపడుచుది ఇంకో ధోరణి. తెల్లాపూర్‌లో పైన ఎక్కడో ఆకాశంలో ఉంటుంది వాళ్ల ఫ్లాటు. వాళ్ల లిఫ్టులో ఒక్క మనిషే ఉన్నా మాస్కు లేకపోతే కెమెరాలో చూసి సెక్యూరిటీవాళ్లు ఫోన్ చేస్తారట. అది గొప్పగా చెప్పేది. మేం పక్కూళ్లోనే ఉన్నా ఆ రెండేళ్లూ ఆమె మా గడప తొక్కలేదు. వీడియో కాల్లో కూడా ఒకసారి మాస్కుతోనే కనిపించింది.

ఇక మా మామగారు. ఆయన పెద్ద గవర్నమెంటు ప్లాంటులో టర్నరుగా చేరడానికి పడుచు వయసులో ఇటు వచ్చి, ఇక్కడే రిటైరై, ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. మా అత్తగారు పోయాక ఆయనకు రోజు మొత్తంలో ఎదురుచూసే పని ఒక్కటే మిగిలింది. సాయంత్రం టీ తాగి, ప్లాస్టిక్ కుర్చీ తీసుకెళ్లి కాంపౌండు గోడ పక్కన వేసుకుని కూర్చోవడం. గోడకు అవతల రాతి బండ మీద పక్కింటి అత్త కూర్చునేది.

అత్త అని నేను పిలుస్తాను. మామగారిని ఆవిడ అన్నా అంటుంది, ఆయన చెల్లెమ్మా అంటారు. ఆ వరసలో మా ఆయనకు అత్త, ఆయన పిలుపే నాకూ అలవాటైంది. ఆవిడ పుట్టిల్లు పక్కనే ఉన్న కర్దనూర్, మెట్టినిల్లు ఇదే. మా కాలనీ సగం వాళ్ల పొలంలోనే లేచింది. మా బాత్రూమ్ ఉన్నచోట వాళ్ల బావి ఉండేదని మామగారిని ఆటపట్టించేది, మా నీళ్లల్ల తానం చేస్తున్నవని. గోడ మీదుగా గోంగూర పచ్చడి అటు వెళ్లేది, సర్వపిండి ఇటు వచ్చేది. ఇద్దరూ దేని గురించీ ఒప్పుకునేవారు కాదు. ఇంగువ వేయాలా వద్దా అన్న దగ్గర్నుంచి ఎండలు ఎక్కడ ఎక్కువన్నదాకా వాదించుకుని, చీకటి పడుతుంటే లేచేవాళ్లు.

ఆవిడకు ఆయాసం. భర్త పోయాక పిల్లవాడిని పెంచడానికి ఏళ్ల తరబడి కారం మిల్లులో పని చేసింది. ఆ ఘాటంతా ఛాతీలోనే ఉండిపోయిందని చెప్పేది. నోట్లో కొట్టుకునే మందు ఎప్పుడూ నడుముకు దోపుకుని ఉండేది. ఈ రోగం అంటుకుంటే ఆవిడ ఊపిరితిత్తులు తట్టుకోలేవని డాక్టరు కొడుక్కి ముందే చెప్పి పంపాడు. అందరికంటే ముందు మాస్కు కావలసింది ఆవిడకే. నేను మెత్తటి పాత చీరతో, అందరికంటే వదులుగా, రెండు సార్లు విప్పి కుట్టి మరీ ఇచ్చాను. పెట్టుకుని కాసేపు కూర్చుంది. మొహం నల్లబడిపోయి, తీసి నా చేతిలో పెట్టింది.

"పెట్టుకుంటే గొంతు పిసికినట్టయితుంది బిడ్డా. నాతోని కాదు. మీరే జెర పెట్టుకోండ్రి."

అదొక్కటే ఆవిడ వీధిని అడిగింది. వీధి ఒప్పుకుంది. ఇంట్లో మాస్కు మొహం చూడని మా ఆయన కూడా ఆ గోడ దగ్గరికి వెళితే కట్టుకునేవాడు. అన్నం పళ్లెం ముందు పెట్టుకుని కూడా మందుల ధరల గురించి ఉపన్యాసమిచ్చే మా మామగారు, ఆవిడ మాట విన్నాక కుర్చీని గోడకు రెండడుగులు వెనక్కి జరిపి, నేను కుట్టిన మాస్కు ముక్కు మీదికి లాక్కుని కూర్చునేవారు.

అయితే ఆయనకు ఒక నమ్మకం ఉండేది. రోగం కంటికి కనబడదు గానీ వాసన ముక్కుకు తెలుస్తుంది కదా అనేవారు. గాలి ఫ్యాక్టరీల వైపు నుంచి వస్తుంటే ఆ గాలిలో ఏవేవో ఉంటాయి, అప్పుడు మాస్కు తీయకూడదు. గాలి తిరిగి, వాసన లేకుండా చల్లగా ఉంటే కాస్త కిందికి దించినా ఫర్వాలేదు. ఇది తప్పని ఆయనకు చెప్పగలిగినవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు, ఎందుకంటే లోపల్లోపల మేమందరం కొంచెం అలాగే అనుకున్నాం. ఏళ్ల తరబడి వాసనను బట్టే గుడ్డ కట్టుకుని, వాసనను బట్టే విప్పినవాళ్లం. రోగం వచ్చిందని ఆ లెక్క మారలేదు. మొదటి ఏడాది ఆ నమ్మకంతోనే గడిచిపోయింది, ఎవరికీ ఏమీ కాలేదు. కాకపోవడంతో అది ఇంకాస్త గట్టిపడింది.

రెండో ఏడాది ఎండలు ముదిరాక రోగం మా వీధిలోకి వచ్చింది. ఎస్టేటు ఫ్యాక్టరీలు ఆగలేదు, మందులు చేసేవి ఆగవు కదా. మా ఆయన షిఫ్టులో సగం మంది లేకపోతే డబుల్ డ్యూటీ చేశాడు. ఎవరు ఎవరికి అంటించారో తేల్చే ఓపిక ఎవరికీ లేదు. పక్కింటి అత్త అద్దెకిచ్చిన గదుల్లోని ఒడిశా కుర్రాళ్లు తాళాలు వేసుకుని ఊరెళ్లిపోయారు. ఆవిడ కొడుకు గోదాముల్లో సరుకు బండి నడిపేవాడు. తల్లికి అంటుకుంటుందని ఇంటికి రావడం మానేసి బండిలోనే పడుకున్నాడు. గోడ దగ్గర మాటలు మాత్రం ఆగలేదు. ఆవిడకు ఆ వేసవిలో బయటి మనిషి మొహం అంటే మా మామగారిదే, అది కూడా కళ్ల వరకే.

ఆ రోజుల్లోనే ఒక ఉదయం మామగారు వాకిట్లోకి వెళ్లి, ఛాతీ నిండా గాలి పీల్చుకుని లోపలికి వచ్చారు.

"ఇవాళ గాలి బాగుందమ్మా" అన్నారు.

బాగుంటే మంచిదే అనుకున్నాను. నేను పోపు పెడుతున్నాను, నా ముక్కుకు ఆవాలు తప్ప ఏమీ తెలియడం లేదు. మా ఆయన ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మనిషి, ఆయనకు బయట ఎప్పుడూ గాలి బాగానే ఉంటుంది. సాయంత్రం మామగారు గోడ దగ్గర కూర్చుని మాస్కు మెడ మీదికి దించారు. నేను అలవాటుగా కొంగు ముక్కుకు చుట్టుకుని దండెం మీద బట్టలు తీస్తున్నాను. ఎన్నాళ్లకో ఇలాంటి గాలి చూశామనీ, ఫ్యాక్టరీలు కొన్ని మూసేసి ఉంటారనీ ఆయన చెబుతున్నారు. వాసన లేదు కదూ చెల్లెమ్మా అని అడిగారు.

"అవునన్నా" అంది గోడ అవతల నుంచి పక్కింటి అత్త. "మంచిగుంది గాలి."

బట్టలు మడత పెట్టుకుంటూ లోపలికి వచ్చేశాను. తర్వాత రెండు మూడు సాయంత్రాలు అలాగే గడిచాయి. ఆయన హుషారుగా ఉన్నారు. పాత రోజుల్లో ప్లాంటు నుంచి సైకిలు మీద వచ్చేటప్పుడు దారి పొడవునా మల్లెపూల వాసన వచ్చేదని చెబితే, మల్లెలెక్కడివి అన్నా అది మా గేదెల కొట్టం అని ఆవిడ అనడం, ఇద్దరూ నవ్వుకోవడం వినిపించేది. ఇన్నాళ్లకు ఆయన మొహం పూర్తిగా చూసి మాట్లాడటం ఆవిడకూ సంతోషంగానే ఉంది కాబోలు అనుకున్నాను.

ఆ తర్వాత ఒక పొద్దున స్టవ్ మీద పాలు పెట్టి, ముందు గదిలో మిషన్ దగ్గర కూర్చున్నాను. మామగారు వంటింటి గుమ్మానికి ఆనుకుని ఉన్న కుర్చీలో పేపరు చదువుతున్నారు. మాడు వాసన నాకు ముందు గదిలోకి వచ్చింది. లేచి పరిగెత్తాను. గిన్నె నల్లబడిపోయి, వంటిల్లు పొగతో నిండి, ఆ పొగ గుమ్మంలోంచి ఆయన తల మీదుగా హాల్లోకి వస్తోంది. ఆయన పేజీ తిప్పుతున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. పక్కనే కూర్చుని స్టవ్ కట్టేయకూడదా అని కేకేశాను. ఆయన వెనక్కి తిరిగి పొగ చూసి ఆశ్చర్యపోయారు.

వాసన రాలేదా మామయ్యగారూ అని అడిగాను.

"ఏ వాసన?" అన్నారు.

 అలమరాలోంచి తలనొప్పి బామ్ తెచ్చి, మూత తీసి ఆయన ముక్కు దగ్గర పెట్టాను. గట్టిగా పీల్చారు. ఇంకోసారి పీల్చారు. చల్లగా తెలుస్తోంది గానీ వాసన లేదమ్మా అన్నారు. అంటూనే ఆయన కళ్లు కిటికీలోంచి గోడ వైపు తిరిగాయి. గాలి ఎందుకు బాగుందో ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. చెల్లెమ్మకు ఫోన్ చెయ్యి అన్నారు. బామ్ సీసా ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

టెస్టు చేయిస్తే ఆయనకు వచ్చిందన్నారు. జ్వరం ఒకరోజు వచ్చి పోయింది, దగ్గు కూడా పెద్దగా లేదు. మేడ మీది గదిలో ఉంచాం. నాకూ మా ఆయనకూ ఏమీ కాలేదు. ఆయనకు అంత తేలిగ్గా పోవడం చూసి నాకు భయం ఎక్కువైంది, ఎందుకో చెప్పలేను. ఆ వారంలోనే పక్కింటి అత్తకు జ్వరం మొదలైంది. తర్వాత ఆయాసం. కొడుకు తన సరుకు బండిలోనే పడుకోబెట్టి సంగారెడ్డి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. మంచం దొరకడానికి వరండాలో ఎంతసేపు ఎదురుచూశారో అతను తర్వాత చెప్పాడు. అది ఇక్కడ రాయను.

మేడ మీది గది కిటికీలోంచి చూస్తే వాళ్ల వాకిలి కనిపిస్తుంది. భోజనం పెట్టడానికి వెళ్లినప్పుడల్లా మామగారు ఆ కిటికీ దగ్గరే ఉండేవారు. గదిలో ఒక్కరే ఉండి కూడా మాస్కు కట్టుకుని ఉండేవారు. ఎవరున్నారని కట్టుకున్నారు, తీసి అన్నం తినండి అని గుమ్మం బయట నుంచి కసిరాను. తీశారు, తినలేదు. నాకు ఆయన మీద కోపంగా ఉండేది, జాలిగా ఉండేది. కోపమే ఎక్కువ. ఆ ముక్కు నమ్మకం ఆయనొక్కరికే ఉన్నట్టు కోపం తెచ్చుకోవడం సులభంగా ఉంది. పక్కింట్లోంచి రోజూ వినిపించే దగ్గు లేకపోతే వీధి ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

ఆవిడ బతికి వచ్చింది. కొడుకు రెండు చేతుల మీద ఎత్తుకుని దింపాడు. వెనకే ఆక్సిజన్ మిషన్ దింపారు. అది రాత్రింబవళ్లు బుసకొడుతూ ఉండేది. మేము గేటు బయట నిలబడి చూశాం. మామగారు గేటు దాకా కూడా రాలేదు. వానలు పడి తగ్గేదాకా ఆవిడ ఇంట్లోంచి బయటికి రాలేకపోయింది. ఆ నెలల్లో ఆయన కుర్చీ హాల్లోనే ఉండిపోయింది. నేను పచ్చడి గిన్నె పట్టుకుని వెళ్లి చూసి వచ్చేదాన్ని. అన్న మంచిగున్నడా అని ఆవిడ అడిగేది, బాగున్నారని చెప్పేదాన్ని. ఎలా వచ్చిందన్న మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, కొడుకు కూడా. బండి మీద తిరిగేవాణ్ని, నా వల్లే వచ్చిందేమోనని అతనే ఒకసారి అన్నాడు. వినలేక వచ్చేశాను.

ఒక మధ్యాహ్నం మామగారు నన్ను పిలిచి, సాయంత్రం పక్కింటి అత్తను గోడ దగ్గరికి రమ్మని చెప్పమన్నారు. తన వల్లే వచ్చిందన్న సంగతి ఆవిడకు చెప్పాలనీ, చెప్పకుండా అన్నం లోపలికి దిగడం లేదనీ అన్నారు. చెప్పేశాక ఇక ఆ గోడ దగ్గరికి వెళ్లననీ, ఆ మనిషి దగ్గరికి తను వెళ్లకపోవడమే మంచిదనీ నిర్ణయించుకున్నారు. ఆయన నిర్ణయం గొంతులోనే తెలుస్తోంది. నేను వాదించలేదు. ఆ భయం నాకూ ఉంది.

సాయంత్రం ఆవిడ నెమ్మదిగా నడిచి వచ్చి బండ మీద కూర్చుంది. సగం అయిపోయింది మనిషి. ఒక వాక్యం చెప్పడానికి రెండు సార్లు ఆగాల్సి వస్తోంది. మామగారు కుర్చీ ఎప్పటికంటే దూరంగా వేసుకున్నారు. మాస్కు కళ్ల కింది దాకా ఉంది. నేను టీ తెచ్చి పక్కన నిలబడ్డాను. ఆయన రిహార్సల్ చేసుకున్నట్టే ఒక్క గుక్కలో చెప్పారు. గాలి బాగుందనుకుని మాస్కు తీశాను, పోయింది వాసన కాదు నా ముక్కు, నా వల్లే నీకు ఇంత అయింది అన్నారు.

"నాకెరుకనే అన్నా" అంది ఆవిడ.

 ఆవిడ ఊపిరి తీసుకుని, ఆగుతూ ఆగుతూ చెప్పింది.

"నువ్వు గాలి మంచిగుందన్ననాడు వాసనకు నా ముక్కు పగిలిపోతుండె. ముత్తంగిల ఉండే మా అన్న కొడుక్కు గట్లనే అయ్యింది. ముందుగాల ముక్కే పోయింది. నువ్వు అడగంగనే సమజయింది నాకు."

దండెం దగ్గర నిలబడి నేను విన్న మాట వేరు. గాలి మంచిగుంది అనే విన్నాను. నాకు నిజంగా కోపం వచ్చింది, నెలల తరబడి మామగారి మీద పడినదానికంటే ఎక్కువ. తెలిసి కూడా ఎందుకు కూర్చున్నావత్తా, లేచి లోపలికి వెళ్లకూడదా, మాస్కు పెట్టుకోమని ఒక్క మాట అనకూడదా అని అడిగాను. నా గొంతు పెద్దదైందని తెలుస్తూనే ఉంది.

"ఎట్లంటరు బిడ్డా? పెట్టుకో అంటే నీకు రోగమున్నదని మొఖం మీద అన్నట్టయితది. లేసిపోతే మనసు కష్టపెట్టుకుంటడు." అని మామగారి వైపు తిరిగింది. "ఇంకోటి చెప్పాల్నా? చెప్తే నువ్వు మళ్ల గీడికి రాకపోతుంటివి."

రోగం తగ్గాక వచ్చేవాణ్ని కదమ్మా అన్నారు మామగారు. ఆయన గొంతు గుడ్డ వెనక సరిగ్గా వినిపించలేదు.

"రాకపోతుంటివి" అంది ఆవిడ. "నాకేమన్న అయితదని భయపడి ఇగ ఎన్నడు రాకపోతుంటివి. నీ సంగతి నాకు తెల్వదా?"

 మామగారు ఆ మధ్యాహ్నం నాతో అన్నది ఆవిడకు ఎవరూ చెప్పలేదు. నేను టీ గ్లాసు పట్టుకుని నిలబడే ఉన్నాను, ఎవరికి ఇవ్వాలో తోచలేదు. ఆయన భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి ముక్కు చీదుకోవడానికి మాస్కు కిందికి లాగబోయి, ఆగారు. లేచి, వాకిలి చివర జామచెట్టు దాకా నడిచి, అటు తిరిగి మాస్కు తీసి ముక్కు చీదుకున్నారు. పంపు దగ్గర మొహం కడుక్కున్నారు. మళ్లీ మాస్కు కట్టుకుని, చెవుల దగ్గర సరిచేసుకుని వచ్చి, కుర్చీలో కూర్చున్నారు.